ఏప్రన్ జేబుకు సరిపడే పిడి

ఓలీటా సేయర్ చేతి వంట తినకుండా పెద్దయినవాళ్ళు మా లోయలో లేరు. పనిచేసినన్నాళ్ళూ ఆమె బడి వంటగదిలోనే గరిటె పట్టింది. పిల్లాడు పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడితే, ముఖం చూసి ముందురోజు ఇంట్లో తిన్నాడో లేదో పసిగట్టేది. తినలేదనిపిస్తే ఇంకో రొట్టె ముక్క పళ్ళెంలోకి జారవిడిచి, "నా ముఖం చూస్తావేం, నడువు నడువు, వెనక జనం ఉన్నారు" అని కసిరేది. భర్త డెన్జిల్ గనిలో పనిచేసి, ఆ బొగ్గు దుమ్ముకే ఊపిరి చెడి పోయాడు. పిల్లలు లేరు. అతని వేట తుపాకులన్నీ మేనల్లుడికి ఇచ్చేస్తూ, "నాకెందుకురా ఇవి, జింకను నేను కూరలో తప్ప ఎరగను" అంది.

గురువారాలు మా చర్చి ఆడవాళ్ళతో కలిసి ఆమె జైలుకు వెళ్ళేది. నాలుగు పాటలు పాడి, వేరుశనగ బిస్కట్లు పంచి, ప్రార్థన చేసి వచ్చేవాళ్ళు. అక్కడే ఆమెకు కర్టిస్ రేడర్ పరిచయమయ్యాడు. తాగిన మైకంలో దాణా కొట్టులో దొంగతనానికి వెళ్ళి, అడ్డొచ్చిన యజమానిని ఇనుప కడ్డీతో తలమీద కొట్టాడతను. ఆ పెద్దమనిషికి ఒక చెవి పోయింది. కర్టిస్ ఆ మాట ఏనాడూ దాచలేదు. "నేనేనమ్మా కొట్టింది. సారా తాగించింది గాని, చెయ్యి మాత్రం నాదే" అన్నాడు మొదటి రోజే. ఆ మాటతో ఓలీటాకు అతనిమీద గురి కుదిరింది. ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడి, "వాడు బయటికొచ్చిన రోజు మొదలు, ప్రతి ఆదివారం నా బల్ల దగ్గరే తింటాడు" అని అందరి ముందూ చెప్పింది. చర్చి అంతా ఆమెన్ అంది. ఆ ఆమెన్ చెవికి తియ్యగా తగిలిందని, అక్కడే తను సగం జారిపోయిందని, తర్వాత ఆమే మాతో చెప్పింది.

కర్టిస్ బయటికొచ్చాడు. ఓలీటా ఇల్లున్న రోడ్డులోనే, ఎగువన, వాళ్ళ పిన్ని వదిలేసిన చక్రాలమీది ట్రైలర్ ఇంట్లో దిగాడు. చర్చి పెద్ద రోస్కో తన కలప మిల్లులో పనిచ్చాడు. ఆదివారం ప్రార్థన కాగానే చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని ఓలీటా ఇంటికి వచ్చేవాడు. బీన్సు, మొక్కజొన్న రొట్టె, వేయించిన కోడి పెడితే తలెత్తకుండా తినేవాడు. తిన్నాక వద్దన్నా వినకుండా గిన్నెలు కడిగేవాడు.

ఒక ఆదివారం పెరటి తలుపు గొళ్ళెం ఊగడం చూశాడు. డెన్జిల్ పనిముట్ల పెట్టె అడిగి తీసుకుని గుమ్మం దగ్గర మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"ఇదేంటమ్మా, ఇంత పొట్టి మేకులా? ఎవడైనా ఒక్క తన్ను తంతే చాలు, తలుపుతో సహా లోపలికొస్తాడు" అన్నాడు.

మంచికే అన్నాడు. పొడుగు మరలు వేసి బిగించి, తనే భుజంతో గుద్ది చూసి, "ఇక ఏనుగొచ్చినా కదలదు" అని నవ్వాడు. అలా నవ్వుతున్నప్పుడు అతని చేతిలో రెంచి ఉంది. ఆ వీపు వెడల్పు, ఆ మణికట్టు, ఆ చేతిలో ఇనుము ఓలీటా కంటపడ్డాయి. దాణా కొట్టు పెద్దమనిషి గుర్తుకొచ్చాడు. అప్పటిదాకా లేని భయం ఒకటి పట్టుకుంది. ఆ రోజు మొదలు ఆమెకు నిద్ర పట్టలేదు. ఏ చిన్న చప్పుడైనా ఉలిక్కిపడేది. తలుపు గట్టిగా ఉందని ధైర్యం చెప్పుకోబోతే, దాన్ని గట్టి చేసిన చెయ్యి గుర్తొచ్చేది.

ఎవరితో చెప్పుకుంటుంది? ఊరందరి ముందూ మాటిచ్చింది తనే. "నాకు భయమేస్తోంది" అనాలంటే ముందు ఆ ఆమెన్‌ని వెనక్కిచ్చెయ్యాలి. దానికి మనసొప్పలేదు. దానికన్నా చాటుగా రివాల్వరు కొనుక్కోవడమే తేలికనిపించింది.

మా ఊళ్ళో కొంటే మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసిపోతుంది. అందుకని కొండ అవతల, తన ముఖం తెలియని ఊళ్ళో హోబర్ట్ అనే ఆయన కొట్టుకు వెళ్ళింది. ఒక పక్క చేపల ఎరలు, ఒక పక్క కోళ్ళ దాణా, వెనక గోడకు తుపాకులు. హోబర్ట్‌కు నడుం వంగింది గాని నోరు వంగలేదు.

"చెప్పండమ్మా, ఏం కావాలి? వానపాములా, తుపాకులా?"

"చిన్న రివాల్వరు. పాతదైనా ఫరవాలేదు."

"ఎవరికి? మీకేనా, అయ్యగారికా?"

"అయ్యగారు పోయారు. నాకే. తోటలో పాములెక్కువయ్యాయి."

హోబర్ట్ గాజు బల్ల తెరిచి, ఒక గుడ్డలోంచి పొట్టి గొట్టం రివాల్వరు తీశాడు. అయిదు తూటాలు పట్టేది. నల్లరంగు అంచుల దగ్గర అరిగి వెండిలా మెరుస్తోంది. "ఉత్తరాలు పంచే ఒకాయన భార్యదమ్మా ఇది. సంచిలో మోసిందే గాని కాల్చింది లేదు. అందుకే పైన అరిగింది, లోపల కొత్తది. ఇలా చూడండి" అంటూ చక్రం బయటికి తీసి, వెలుతురుకేసి పట్టి, గొట్టంలోంచి చూపించాడు. చక్రాన్ని లోపలికి పెట్టి వేలితో ఊపి చూశాడు. "కదులుతోందా? కదల్లేదు. పాత రివాల్వరుకి పళ్ళు ఊగుతున్నాయో లేదో చూడాలి, గుర్రానికి చూసినట్టు."

ఓలీటా చేతిలోకి తీసుకుంది. అనుకున్నదానికన్నా బరువుంది. పిడికి రెండు పక్కలా పల్చటి చెక్కలు, సన్నటి గీతల పని. అందంగా ఉంది.

"అందానికేం గాని, వెనక్కి రండి, కాల్చి చూద్దురు" అన్నాడు హోబర్ట్.

కొట్టు వెనక మట్టి గట్టుకు ఒక పాత డబ్బా ఆనించి ఉంది. ఓలీటా రెండు చేతులా పట్టుకుని మీట నొక్కింది. చప్పుడుతో పాటు పిడి ఎగిరి బొటనవేలి మొదట్లో కొరికినట్టయింది. చెయ్యి విదిలించుకుంది.

"అదే చెప్పేది. చెక్క పిడి చూడ్డానికి పెళ్ళికూతురు, పట్టుకుంటే అత్తగారు" అని హోబర్ట్ ఒక అట్టపెట్టె దించాడు. అందులో రకరకాల పిడులు, ఒంటివి, జతలవి. ముందు ఒక లావు రబ్బరు పిడి ఎక్కించాడు. వేళ్ళకు పల్లాలున్న రకం. ఈసారి కాలిస్తే చెయ్యి నొప్పెట్టలేదు. మెత్తగా, నిండుగా ఉంది.

"ఇక దీన్ని మించింది లేదమ్మా. మీ చేతికి కుట్టించినట్టుంది."

ఓలీటా కాస్త తటపటాయించి, చేతిసంచిలోంచి తన ఏప్రన్ తీసింది. నీలం గళ్ళది, ముందు పెద్ద జేబున్నది. మెడకు తగిలించుకుని, నడుముకు కట్టుకుని, రివాల్వరులోని తూటాలు తీసెయ్యమని అడిగి, జేబులో పెట్టుకుంది. తీయబోయింది. రబ్బరు గుడ్డను పట్టుకుని వదల్లేదు. జేబు మొత్తం తిరగబడి పైకొచ్చింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ లాగింది. మళ్ళీ అంతే.

హోబర్ట్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "పాముని ఏప్రన్‌తో చంపుతారేంటమ్మా? తోటలోకెళ్ళేప్పుడు పొడుగు బూట్లు వేసుకోవాలి గాని!"

"ఇంతకన్నా చిన్నది లేదా? నున్నటిది?"

పెట్టె అడుగున వెతికి ఇంకోటి తీశాడు. అదీ రబ్బరే గాని పొట్టిది, గుడ్డకు తగులుకోకుండా నున్నగా అరగదీసింది. అరచేతిని కాస్త కాపాడుతుంది. చిటికెన వేలికి మాత్రం చోటు లేదు, కిందికి జారిపోతుంది. "ఆ వేలు పిడి కిందికి ముడుచుకోండి, అలవాటైపోతుంది. మరీ సుఖం లేదు, మరీ కష్టమూ లేదు. నడిమి రకం" అన్నాడు.

ఓలీటా జేబులో పెట్టి తీసింది. చేప జారినట్టు బయటికొచ్చింది. మళ్ళీ తీసింది. పక్కకు తిరిగి, వంగి, చేతిలో గిన్నె ఉన్నట్టు ఎడమచెయ్యి పట్టుకుని, కుడిచేత్తో తీసి చూసుకుంది. అలా చూసుకుంటున్నప్పుడు తన కళ్ళ ముందు ఏ బల్ల ఉందో, ఆ బల్ల దగ్గర ఏ కుర్చీలో ఎవరు కూర్చున్నారో ఆమెకు తెలుసు.

హోబర్ట్ నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఆమె గమనించలేదు. మర బిగిస్తూ, తలెత్తకుండా మెల్లగా అన్నాడు: "నాకెందుకులే గాని అమ్మా... ఏప్రన్ కట్టుకున్నప్పుడు ఇంటికొచ్చేవాళ్ళు చుట్టాలే అవుతారు కదా."

ఓలీటా ముఖం కందిపోయింది. ఏప్రన్ ముడి విప్పుకోబోతే ఇంకా బిగుసుకుంది. చివరికి దాన్ని అలాగే తలమీంచి లాగేసుకుంది. "ఇదే ఇవ్వండి" అంది. ఆ పిడితోనే రివాల్వరు కొంది.

తర్వాతి ఆదివారం కర్టిస్ ఎప్పటిలాగే వచ్చాడు. ఓలీటా బల్లమీద అన్నీ సర్దింది. జేబు బరువుకు ఏప్రన్ పట్టీ మెడను కోస్తోంది. కర్టిస్ తల వంచి ప్రార్థన చేశాడు. "ప్రభువా, ఈ తిండిని దీవించు. దీన్ని వండిన చేతుల్ని దీవించు. నన్ను మనిషిలా కూర్చోబెట్టిన ఈ ఇంటిని దీవించు." ఓలీటా ఆమెన్ అనకుండా పొయ్యివైపు తిరిగింది.

"మీరూ కూర్చోండమ్మా, మీరు నిలబడుంటే నాకు ముద్ద దిగదు" అన్నాడతను.

"వస్తున్నా, రొట్టె పొయ్యిలో ఉంది."

ఆమె పొయ్యి తలుపు తెరిచి, గుడ్డ పట్టుకుని, పెనం తీయడానికి వంగింది. గుడ్డకు ఎక్కడా తగులుకోకుండా రివాల్వరు జేబులోంచి నున్నగా జారి నేలమీద పడింది. పేలలేదు. గచ్చుమీద ఒక చుట్టు తిరిగి, బల్ల కాలి దగ్గర ఆగింది.

కుర్చీ వెనక్కి పడిన చప్పుడైంది. ఓలీటా తిరిగి చూసేసరికి కర్టిస్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు ఆమెకు కనబడేలా చాచి. చొక్కాకు దోపుకున్న చేతిగుడ్డ అలాగే వేలాడుతోంది. నోట్లో ముద్ద అలాగే ఉంది. నమలడం లేదు, మింగడం లేదు.

"పాము..." అంది ఓలీటా. "తోటలో పాములని..."

అతను ముద్ద మింగాడు. "నా కోసమేనా అమ్మా?"

ఆమె వేడి పెనం చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయింది. గుడ్డలోంచి వేడి తగులుతున్నా దించాలని తోచలేదు.

"చేతులు దించొచ్చా అమ్మా?" అని అడిగాడు కర్టిస్.

డెన్జిల్ పోయిన రోజు కూడా ఓలీటా ఏడవలేదని అందరూ చెప్పుకుంటారు. ఆ మాట వినగానే పెనం బల్లమీద పెట్టేసి ముఖం కప్పుకుంది. "దించు నాయనా, దించు. అలా అడక్కు. నన్నలా అడక్కు."

అతను చేతులు దించి, చేతిగుడ్డ తీసి, మడతపెట్టి బల్లమీద ఉంచాడు. రివాల్వరుకు దూరంగా, గోడ వారగా తలుపువైపు నడిచాడు. "మీకు తెలీదేమో అమ్మా. నేను పెరోల్ మీద ఉన్నాను, శిక్ష మిగిలుండగానే షరతులు పెట్టి వదిలారు. తుపాకి ఉన్న ఇంట్లో అడుగు పెట్టకూడదు. ఇప్పుడు నన్ను కనిపెట్టి ఉండే ఆఫీసరు ఈ కిటికీలోంచి చూస్తే, అది మీదా నాదా అని అడగడు. మిగిలిన శిక్షంతా లోపలే."

ఇది ఆమెకు తట్టనే లేదు. ఇన్ని గురువారాలు జైలుకు వెళ్ళింది, ఎందరి కష్టాలో విన్నది, ఈ ఒక్క సంగతి ఆలోచించలేదు. తన ప్రాణం గురించి భయపడింది గాని, తన భయం అతన్ని ఎక్కడికి తోస్తుందో చూసుకోలేదు. అన్నం పెడతానని పిలిచి, ఉరి పక్కన కూర్చోబెట్టింది.

గుమ్మం దాటాక కర్టిస్ ఆగాడు. వెనక్కి తిరగలేదు. "మీరు భయపడ్డం తప్పు కాదమ్మా. నేను చేసిందానికి ఎవరైనా భయపడతారు. ముందే చెప్పుంటే బాగుండేది. మెట్లమీద కూర్చుని తినేవాణ్ణి."

ఆ తర్వాత అతను ఆమె ఇంటికి రాలేదు. చర్చికీ రాలేదు. ఎందుకు రాలేదో ఓలీటాకు తెలుసు. తనను అక్కడ చూస్తే ఆమె తల ఎత్తుకోలేదని అతను తప్పుకున్నాడు. మావాళ్ళకు మాత్రం వేరే అర్థం తోచింది.

"ఎంత చేసినా అంతేనే ఓలీటా," అంది ఆమె స్నేహితురాలు మావిస్, చర్చి మెట్లమీద. "కుక్క తోక వంకర. పెట్టిన చేతినే మర్చిపోయాడు చూడు. నువ్వేం బాధపడకు, నీ కర్తవ్యం నువ్వు చేశావు."

ఓలీటా ఆ మాటను అలా పోనిచ్చింది. మరుసటి వారమూ పోనిచ్చింది. అందరూ ఆమె భుజం తట్టి జాలిపడుతుంటే, ఆ జాలిని దొంగసొమ్ములా మూటగట్టుకుని ఇంటికి పోయింది. రివాల్వరు కొన్నందుకన్నా, పెట్టుకుని వడ్డించినందుకన్నా, ఆ రెండు వారాల మౌనమే తనను ఎక్కువ కాల్చిందని ఆమె అనేది.

ఆపైన రోస్కో ఒక మాట అన్నాడు. "వాడు మళ్ళీ తాగుడు మొదలెట్టుంటాడు. లేకపోతే ఓలీటా బల్ల కాదని పోతాడా? మిల్లులో రంపాల దగ్గర తాగుబోతుని పెట్టుకోలేను. ఈ వారం చూసి పంపించేస్తాను."

ఇక ఓలీటాకు తప్పించుకునే దారి లేకపోయింది. ఆ ఆదివారం సాక్ష్యాల వేళ లేచింది. ముందు వరుస బల్ల అంచు పట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది. భయం, కొండ అవతల కొట్టు, పాముల అబద్ధం, ఏప్రన్‌తో చేసిన సాధన, రివాల్వరు పడ్డం, అన్నీ. చెప్పి, ఉమ్మేస్తారని ఎదురుచూసింది.

ఎవరూ ఉమ్మలేదు. అదే ఘోరం. మావిస్ ఒళ్ళో ఉన్న చేతిసంచి తట్టి, "ఓస్, ఇంతేనా! ఇందులోనూ ఒకటుందే పిచ్చిదానా" అంది. వెనక వరుసలో ఎవరో నవ్వారు. "నా ట్రక్కులో రెండు" అన్నాడు రోస్కో. పాస్టర్ ఎస్టిల్ గొంతు సవరించుకుని, ఒంటరి ఆడమనిషి జాగ్రత్తగా ఉండటం పాపం కాదని నెమ్మదిగా చెప్పాడు. చర్చి అంతా తేలికపడింది. ఆమెను ఓదార్చడానికి అందరూ తయారయ్యారు.

ఓలీటా కూర్చోలేదు. "మీ సంచుల్లో ఉన్నవాటి సంగతి నాకు తెలీదు. మీరు వాటిని పెట్టుకుని ఎవరికీ వడ్డించలేదు. వాడు నా ఇంట్లో, నోట్లో ముద్దతో, చేతులు దించొచ్చా అని నన్ను అడిగాడు. వాడు మారలేదని మీరంటున్నారు. నేను విని ఊరుకున్నాను. మారంది నేను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమెన్ కూడా అనలేదు. రోస్కో తన బూట్లకేసి చూసుకున్నాడు. కర్టిస్‌ని పనిలోంచి తీసేసే మాట మళ్ళీ ఎత్తలేదు. క్షమాపణా అడగలేదు.

సోమవారం మధ్యాహ్నం ఓలీటా కొండ అవతలికి వెళ్ళి రివాల్వరు హోబర్ట్ బల్లమీద పెట్టింది. ఆయన తీసి చూసి, "కాల్చనే లేదే. పిడి సరిపోలేదా అమ్మా?" అని అడిగాడు.

"సరిగ్గా సరిపోయింది" అంది ఓలీటా.

మిల్లు వదిలే వేళకు తిరిగొస్తూ తన ఇల్లు దాటి, పైకి, ట్రైలర్ దాకా వెళ్ళింది. చేతిలో గిన్నె గాని, రొట్టె గాని తీసుకెళ్ళలేదు. తిండి పట్టుకెళ్తే లంచంలా ఉంటుందనుకుంది. కర్టిస్ మెట్లమీద కూర్చుని బూట్ల మట్టి గీకుతున్నాడు. ఆమెను చూసి లేచాడు.

"అది ఇచ్చేశాను" అంది.

"మీకు కావలసుంటే ఉంచుకోవాల్సింది అమ్మా. నా గురించి ఇచ్చెయ్యక్కర్లేదు. రోడ్డు ఒంటరిది."

"నాకింకా భయమే కర్టిస్. అబద్ధం చెప్పను. నువ్వంటే ఇంకా కాస్త భయమే."

అతను బూటు తిప్పి చూసుకున్నాడు. "నాకూ మీరంటే భయమేనమ్మా, ఇప్పుడు" అన్నాడు.

ఓలీటా తలూపింది. ఆ మాట తనకు రావలసిందేననిపించింది. మెట్టు చివర కూర్చోవచ్చా అని అడిగింది. అతను జరిగాడు. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి కూర్చునేంత చోటుంది. మిల్లు గురించి, వాన గురించి కాసేపు మాట్లాడుకున్నారు. చీకటి పడకముందే ఆమె లేచి వచ్చేసింది.

ఆ వేసవి నుంచి కర్టిస్ చర్చికి మళ్ళీ వచ్చాడు. ప్రార్థనయ్యాక అందరం బయట చెట్ల కింద బల్లలమీద కలిసి తినేటప్పుడు ఆమె వండిన బీన్సు వడ్డించుకునేవాడు. ఆమె ఇంటి గుమ్మం మాత్రం మళ్ళీ తొక్కలేదు. ఆమె రమ్మనలేదు. తర్వాత పెరోల్ ముగిశాక ఓహాయో వైపు పెద్ద మిల్లులో పని దొరికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు ఆమెకు చెప్పడానికి వచ్చి, రోడ్డు అంచునే నిలబడి మాట్లాడి వెళ్ళాడట.

ఓలీటా గురువారాలు జైలుకు వెళ్ళడం మానలేదు. బిస్కట్లు పంచేది, పాటలు పాడేది. ఎవరికీ ఏ మాటా ఇచ్చేది కాదు. ఒకసారి మేమంతా వ్యానులో తిరిగొస్తుంటే, కొత్తగా చేరిన ఒకమ్మాయి అడిగింది: "కర్టిస్ మిమ్మల్ని క్షమించాడా ఆంటీ?"

ఓలీటా కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది: "నేనడగలేదమ్మా. అడిగితే మంచివాడు కాబట్టి ఔననేస్తాడు. వాడిచేత అదొకటి కూడా చేయించుకునే ముఖం నాకు లేదు."